కామిక్‌ని సినిమాగా తీసేవాళ్ళు పుస్తకానికి ఎంతవరకు కట్టుబడి ఉండాలి?

బీచ్‌రోడ్_బాబి
ముందే చెప్తున్నా, ఇందులో 'వాచ్‌మెన్' ముగింపు ఉంది. చదవని, చూడని వాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

మొన్న ఎంవీపీ కాలనీలో ఫ్రెండ్ ఇంట్లో కొందరం కూర్చుని 2009 'వాచ్‌మెన్' చూశాం. పుస్తకం చదివినవాళ్ళూ ఉన్నారు, చదవనివాళ్ళూ ఉన్నారు. సినిమా అయ్యాక మొదలైన గొడవ ఇంకా వాట్సాప్‌లో నడుస్తూనే ఉంది. అందుకే ఇక్కడికి తెచ్చాను.

అలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేసిన ఈ కామిక్ 1986–87లో 12 సంచికలుగా వచ్చింది. చివర్లో ఓజిమాండియాస్ అనే ఒకప్పటి ముసుగు హీరో న్యూయార్క్ మధ్యలో ఆక్టోపస్‌లాంటి ఒక భయంకరమైన జీవిని పడేస్తాడు. లక్షల మంది చచ్చిపోతారు. వేరే లోకం నుంచి దాడి వచ్చిందని ప్రపంచమంతా నమ్ముతుంది. అణుయుద్ధం అంచున ఉన్న అమెరికా, రష్యా చేతులు కలుపుతాయి. సినిమాలో ఆ జీవి లేదు. చాలా నగరాల్లో పేలుళ్ళు, నింద డాక్టర్ మన్‌హాటన్ అనే అతీతశక్తులున్న హీరో మీద.

నా అభ్యంతరం ఒక్కటే. మన్‌హాటన్ అమెరికా ఆయుధం. అతనే నగరాలు పేల్చాడంటే రష్యావాడు అమెరికాతో ఎందుకు కలుస్తాడు? ముందు అమెరికా మీద పడతాడు. పుస్తకంలో ఆ జీవి ఎవరిదీ కాదు కాబట్టే ప్లాన్ పనిచేసింది. అంత ఆలోచించి రాసినదాన్ని తీసేసే హక్కు డైరెక్టర్‌కి ఎవరిచ్చారు? మార్చాలనుకుంటే సొంత కథ రాసుకోవచ్చు కదా. పేరు మాత్రం ఆ పుస్తకానిదే ఎందుకు కావాలి?

జగదాంబ_బాల్కనీ
పేరు ఎందుకు కావాలంటే టిక్కెట్లు తెగడానికి గురూ. ఇందులో పెద్ద రహస్యం ఏటుంది?

నేను ఒక్క కామిక్ కూడా చదవలేదు. 2007లో 'స్పైడర్ మ్యాన్ 3' తెలుగులో వచ్చినప్పటి నుంచి ఈ సినిమాలన్నీ తెలుగులోనే చూశాను. 'అవెంజర్స్' విలన్ థానోస్‌కి రానా గొంతు ఉంటే హాల్లో పడే విజిల్స్ వేరు. కామిక్‌లో థానోస్ జనాభా తగ్గించి లోకాన్ని ఉద్ధరిద్దామని సగం మందిని చంపడంట, మృత్యుదేవత మీద ప్రేమతో, ఆవిడ మెప్పు కోసం చంపుతాడంట. మొన్న ఒకతను చెప్తే విన్నాను. అలాగే తీసుంటే మనకి ఎక్కేదా? విలన్ చెప్పేది తప్పే, కానీ ఒక్క నిమిషం "వీడన్నదాంట్లో కూడా ఏదో ఉందే" అనిపించింది చూడు, సినిమా నిలబడింది అక్కడే.

హాల్లో పుస్తకం చదివినవాడు వందకి ఒకడు ఉంటాడేమో. వాడి కోసం మిగతావాళ్ళని బలి చేస్తారా?

స్టోరీబోర్డ్_శ్రీ
నేను యానిమేషన్‌లో స్టోరీబోర్డులు వేస్తాను, కాబట్టి నా గోల కొంచెం వేరేగా ఉంటుంది. పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

బాబి ముగింపు మార్చారని బాధపడుతున్నాడు. నాకు ఆ సినిమాతో ఉన్న పేచీ దానికి పూర్తిగా ఉల్టా. చాలా చోట్ల పుస్తకంలో బొమ్మ గడిని ఉన్నదున్నట్టు తీసుకొచ్చి కెమెరా ముందు పెట్టేశారు. కోణం అదే, వెలుగు అదే, డైలాగ్ అదే. కానీ అర్థం తిరగబడింది. పుస్తకంలో ఈ ముసుగు హీరోలు వయసు మళ్ళినవాళ్ళు. వాళ్ళలో డాన్ అనేవాడికి బొజ్జ ఉంటుంది. పాత కాస్ట్యూమ్ ముందు నిలబడితే జాలేస్తుంది. వీళ్ళు దెబ్బలాడుకుంటే చూడటానికి ఇబ్బందిగా ఉండాలి. సినిమాలో డాన్, అతని తోటి హీరోయిన్ లారీ కలిసి ఒక సందులో రౌడీలతో కొట్టుకునే సీన్ చూడండి. ఎముకలు బయటికొస్తాయి, స్లో మోషన్, సౌండు. అచ్చం మన మాస్ ఫైట్. ముసుగేసుకుని కొట్టడంలో ఉన్న వెర్రిని పుస్తకం బయటపెడితే, సినిమా అదే వెర్రికి ఈల వేసింది. గడులన్నీ ఉన్నాయి, మూర్ మాత్రం లేడు.

ఇంకోటి. ఆ పుస్తకంలో ఎక్కువ పేజీలు తొమ్మిది గడులుగా ఉంటాయి. వరసకి మూడు, మూడు వరసలు. ఆ కొలత కథలో భాగం. అయిదో అధ్యాయమైతే మధ్య పేజీల నుంచి అద్దంలో చూసినట్టు వేశారు. మొదటి పేజీ గడుల అమరిక చివరి పేజీకి సరిపోతుంది, రెండోది చివరి నుంచి రెండోదానికి. చదివేవాడు వెనక్కి తిప్పి చూసుకుంటాడు. హాల్లో కూర్చున్నవాడు వెనక్కి తిప్పలేడు. కామిక్‌లో కాలం పాఠకుడి చేతిలో ఉంటుంది, ఒక గడి దగ్గర పది నిమిషాలు ఆగొచ్చు. సినిమాలో ఎడిటర్ చేతిలో ఉంటుంది. ఇది ఒప్పుకోకుండా ఎంత కట్టుబడ్డా ప్రయోజనం లేదు.

అలాగని ఆ సినిమాలో అన్నీ పాడైపోలేదు. డాక్టర్ మన్‌హాటన్ అంగారకుడి మీద కూర్చుని తన జీవితాన్ని ముందూ వెనకా గుర్తుచేసుకునే భాగం చూడండి. పుస్తకంలో గడుల మధ్య దూకుతూ చేసినదాన్ని ఇక్కడ కటింగ్‌తో, ఫిలిప్ గ్లాస్ సంగీతంతో చేశారు. గీసినదాన్ని మళ్ళీ గీయలేదు, అదే పని సినిమా పనిముట్లతో చేశారు. నేను కట్టుబడి ఉండటం అనేది దీన్నే.

ఆక్టోపస్ సంగతికొస్తే, దాన్ని నమ్మించడానికి పుస్తకం చాలా ఏర్పాటు చేస్తుంది. మాయమైన కళాకారులు, శాస్త్రవేత్తలు, ఒక దీవి, పక్కన సాగే సముద్రపు దొంగల కథ. హాళ్ళలో వేసిన సినిమా అవన్నీ లేకుండానే 162 నిమిషాలుంది. ఏర్పాటు లేకుండా ఒక్కసారిగా ఆక్టోపస్ పడితే జగదాంబ గారి బాల్కనీ మొత్తం నవ్వేసేది.

జగదాంబ_బాల్కనీ
నవ్వడమా! పేపర్లు ఎగిరేవి.

అరకు_రైలు
"పుస్తకంలో ఉన్నట్టే తీయాలి" అనేవాళ్ళని నేను అడిగేది: ఏ పుస్తకంలో ఉన్నట్టు?

సూపర్ మ్యాన్ 1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో వచ్చినప్పుడు ఎగరలేడు. పెద్ద పెద్ద గెంతులు వేసేవాడు, అంతే. 1940ల మొదట్లో ఫ్లైషర్ స్టూడియో కార్టూన్లు తీస్తే అక్కడ ఎగరడం స్థిరపడింది. కదిలే బొమ్మలో గెంతడం కంటే ఎగరడమే బాగుంటుంది కదా. సూపర్ మ్యాన్ బలాన్ని హరించే రాయి క్రిప్టొనైట్ వచ్చింది రేడియో నాటకంలో, 1943లో. అది కామిక్‌లోకి ఎక్కింది తర్వాత. బ్యాట్‌మ్యాన్ ఇంట్లో ఆల్ఫ్రెడ్ కామిక్‌లో మొదట లావుగా ఉండేవాడు. 1943 సినిమా సీరియల్‌లో సన్నటి నటుడు వేసేసరికి కామిక్‌లో కూడా సన్నబడి మీసం పెట్టుకున్నాడు. హార్లీ క్విన్ 1992లో టీవీ కార్టూన్ కోసం పుట్టి, తర్వాత కామిక్స్‌లోకి నడిచొచ్చింది.

అంటే ఇవాళ మనం అసలు అనుకుంటున్నదాంట్లో సగం సరుకు ఒకప్పటి సినిమా వాళ్ళ, రేడియో వాళ్ళ మార్పులే. ఎనభై ఏళ్ళుగా వందలమంది రాస్తున్న పాత్రకి ఒక మూలం అంటూ ఎక్కడుంటుంది?

ఉక్కునగరం_మేస్టారు
అరకు రైలు గారు మంచి దారి పట్టించారు. నేను అదే దారిలో మన వైపు వస్తాను.

'మాయాబజార్' (1957) చూడని తెలుగువాడు ఉండడు. వ్యాసభారతంలో బలరాముడికి శశిరేఖ అనే కూతురే లేదు. అభిమన్యుడి పెళ్ళి ఉత్తరతో. శశిరేఖా పరిణయం జనం నోట పుట్టి, నాటకాల్లో పెరిగిన కథ. పైగా పాండవుల ఇంటి కథలో పాండవులు ఒక్కరు కూడా తెర మీద కనపడరు! మూలానికి ఇంతకంటే దూరం పోవడం ఎవరి వల్ల అవుతుంది? అయినా ఘటోత్కచుడు అంటే మనకు గుర్తొచ్చేది ఎస్వీ రంగారావు గారే. ఎందుకంటే కృష్ణుడు కృష్ణుడిలాగే ఉన్నాడు, శకుని శకునిలాగే ఉన్నాడు. సంఘటన కల్పితం, స్వభావం నిజం.

2023లో 'ఆదిపురుష్' వచ్చినప్పుడు జనం ఎందుకు గొడవ చేశారు? కథ రామాయణమే. కానీ రావణుడి వాలకం, కొన్ని మాటలు మింగుడుపడలేదు. విడుదలయ్యాక కొన్ని డైలాగులు మార్చుకోవాల్సి వచ్చింది. సంఘటనలు ఎన్ని మార్చినా మనవాళ్ళు ఊరుకుంటారు. స్వభావం మారిస్తే మాత్రం ఊరుకోరు.

బీచ్‌రోడ్_బాబి
మేస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నా, ఆ పోలిక ఇక్కడ నిలబడదు.

భారతానికి వెయ్యి రూపాలున్నాయి. కవిత్రయం ఉంది, యక్షగానం ఉంది, తోలుబొమ్మలాట ఉంది. ఒకటి మారిస్తే మిగతావి ఉంటాయి. సూపర్ మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కూడా అంతే, అరకు రైలు అన్నది వాళ్ళకి సరిపోతుంది. ఎవరు ఏం చేసినా వచ్చే నెల ఇంకో సంచిక వస్తుంది. 'వాచ్‌మెన్' అలా కాదు. ఇద్దరు మనుషులు కూర్చుని మొదలుపెట్టి ముగించిన పుస్తకం. పన్నెండు అధ్యాయాలు, మొదటి పేజీలో నెత్తుటి మచ్చ పడిన స్మైలీ బ్యాడ్జి, చివరి పేజీలో స్మైలీ చొక్కా మీద కెచప్ మరక. దీనికి జానపద రూపాలు లేవు. ఇందులో ముగింపు మార్చడం, బ్యాట్‌మ్యాన్ కారు రంగు మార్చడం ఒకటేనా?

ఇంకో మాట. 2019లో హెచ్‌బీవోలో 'వాచ్‌మెన్' సిరీస్ వచ్చింది. అది కొత్త కథ, కొత్త మనుషులు. కానీ ఆక్టోపస్ పడిందనే పుస్తకం ముగింపుని ఒప్పుకుని, అక్కడి నుంచి ముందుకెళ్ళింది. ఎవరూ నవ్వలేదు. కాబట్టి తెర మీద నమ్మించడం కుదరదన్న మాట నేను ఒప్పుకోను శ్రీ గారూ.

స్టోరీబోర్డ్_శ్రీ
దానికి సీరియల్ టైముంది. గంటల తరబడి. అయినా నీ పాయింట్‌లో బలముంది. ముగిసిన పుస్తకం, ముగియని పాత్ర – ఈ రెండిటికీ ఒకే రూలు పెట్టలేం. అది నేను కూడా ఒప్పుకుంటాను.

మాంగా_మధురవాడ
మీరంతా అమెరికాలోనే ఆగిపోయారు. జపాన్ వైపు రండి.

'అకీరా' తీసుకోండి. కట్సుహిరో ఒటోమో గీసిన ఈ మాంగా (జపాన్ కామిక్) 1982 నుంచి 1990 వరకు నడిచింది. ఆరు సంపుటాలు, రెండు వేల పేజీలు దాటి ఉంటుంది. సినిమా 1988లో వచ్చేసింది, అంటే మాంగా ఇంకా పూర్తికాలేదు. డైరెక్టర్ కూడా ఒటోమోనే! తన కథని తనే కోసి రెండు గంటల్లో ఇరికించాడు. మాంగాలో అకీరా అనే పిల్లాడు పెద్ద పాత్ర. సినిమాలో ఆ పేరు చుట్టూ కథంతా తిరుగుతుంది కానీ ఆ పిల్లాడికి నడిచే కథ లేదు. రాసినవాడే ఇంత మార్చుకుంటే బాబి అన్నయ్య ఎవరి మీద కేసు వేస్తాడు?

'ఓల్డ్‌బాయ్' (2003) ఇంకా పెద్ద ఉదాహరణ. జపాన్ మాంగాని కొరియావాళ్ళు తీశారు. ఒక మనిషిని ఏళ్ళ తరబడి గదిలో బంధించడం అనే మొదలు తీసుకుని, ఎందుకు బంధించారు అన్న జవాబు పూర్తిగా మార్చేశారు. అది ఇక్కడ చెప్పను, చూడనివాళ్ళు చూడండి. ఆ సినిమాకి 2004లో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రి అవార్డు వచ్చింది.

అలాగని మార్చినవన్నీ మంచివి కావు. 'డ్రాగన్‌బాల్ ఎవల్యూషన్' (2009) అని ఒకటుంది. మాంగా హీరో గోకూని అమెరికా హైస్కూల్లో కూర్చోబెట్టారు. కుక్కర్లో కోడి ఉడికించి బొంగు చికెన్ అని బోర్డు పెట్టినట్టుంది. స్క్రీన్‌ప్లే రాసినాయన తర్వాత అభిమానులకి బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు.

నేను చూసుకునేది ఒకటే. 'ఓల్డ్‌బాయ్' తీసినవాడు మాంగా చదివి ఆ గది గురించి ఆలోచిస్తూ నిద్రపోలేదనిపిస్తుంది. డ్రాగన్‌బాల్ వాళ్ళు చదివారా అనే అనుమానం వస్తుంది.

జగదాంబ_బాల్కనీ
ఎవరైనా మన ఎన్టీఆర్ గారి 'సూపర్ మ్యాన్' (1980) సంగతి ఎత్తుతారేమో అని చూస్తున్నా. అసలు సూపర్ మ్యాన్ పుట్టిన క్రిప్టాన్ లేదు, గ్రహాలు లేవు. హనుమంతుడి వరంతో శక్తి వస్తుంది. డ్రెస్సు మాత్రం దాదాపు అదే. మీ లెక్కలో ఇది విధేయతా, ద్రోహమా?

నాకైతే అది చాలా తెలివైన మార్పు. మనూళ్ళో కొండంత మనిషి ఎగిరొస్తే వేరే గ్రహం అని ఎవడనుకుంటాడు, ఆంజనేయస్వామి అనే అనుకుంటాడు.

అరకు_రైలు
దానికి హక్కులు కొన్నారా అని మాత్రం అడక్కండి. 🙂

హక్కులంటే గుర్తొచ్చింది. మనం పుస్తకానికి విధేయత అంటున్నాం, పుస్తకం చేసినవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. జెర్రీ సీగెల్, జో షూస్టర్ సూపర్ మ్యాన్ మీద హక్కుల్ని 1938లో 130 డాలర్లకి అమ్ముకున్నారు. సినిమా రాబోతున్న రోజుల్లో, 1975లో పేపర్లలో గోల అయ్యాక గానీ వాళ్ళకి ఏటా కొంత భృతి, కథ మీద పేరు దక్కలేదు. 1978 సినిమా తెర మీద ఆ పేర్లు పడ్డాయి. సూపర్ మ్యాన్ ఎన్ని అడుగుల ఎత్తు ఎగిరాడు అన్నదానికంటే నాకు ఆ రెండు పేర్లు ముఖ్యం.

మూర్ దారి వేరు. 'వాచ్‌మెన్' సినిమా మీద పేరు వద్దన్నాడు, తన వాటా డబ్బు గిబ్బన్స్‌కి ఇచ్చేయమన్నాడు. బాబి, నువ్వు ఆక్టోపస్ కోసం కొట్లాడుతున్నావు. ఆయనైతే ఆక్టోపస్ ఉన్నా పేరు పెట్టించుకునేవాడు కాదు. సినిమా తీయడానికి వీల్లేనివి చేయాలనే ఆ పుస్తకం రాశాడాయన.

దీనికి ఉల్టా 'సిన్ సిటీ' (2005). రాబర్ట్ రోడ్రిగెజ్ కామిక్ గీసిన ఫ్రాంక్ మిల్లర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరి పేరూ డైరెక్టర్లుగా వేశాడు. డైరెక్టర్ల గిల్డ్ కుదరదంటే గిల్డ్‌కే రాజీనామా ఇచ్చాడు.

స్టోరీబోర్డ్_శ్రీ
'సిన్ సిటీ' మాట ఎత్తారు కాబట్టి. అది నిజంగానే గడి గడీ తెర మీదకి దించిన సినిమా. నలుపు, తెలుపు, అక్కడక్కడ ఒక ఎరుపు. కాసేపు కళ్ళు తిప్పుకోలేం. గంట దాటాక నాకు ఊపిరాడలేదు. మిల్లర్ బొమ్మలో నలుపు అంటే ఏమీ గీయకుండా వదిలేసిన చోటు. అక్కడ మన ఊహ పనిచేస్తుంది. తెర మీద నటుడు కదులుతూ, మాట్లాడుతూ ఉంటే ఊహకి చోటెక్కడుంది?

2003లో ఆంగ్ లీ 'హల్క్'లో తెరని గడులుగా చీల్చి చూపించాడు. కామిక్ పేజీ పైపై రూపం వచ్చింది, కామిక్ చదివే అనుభవం రాలేదు. 2018 'స్పైడర్ వర్స్' కార్టూన్ వాళ్ళు మాత్రం ముద్రణలో రంగు చుక్కలు, గళ్ళల్లో రాసే మాటలు అన్నీ తెర మీదకి తెచ్చారు. కానీ హీరో మైల్స్‌ని సాలీడు కుట్టాకే ఆ రాతలు మొదలవుతాయి. కుర్రాడి తలలో గోల మొదలైందని చెప్పడానికి కామిక్ భాష వాడుకున్నారు. అలంకారంగా కాదు, అవసరంగా. నా టేబుల్ మీద ఆ సినిమా ఫ్రేములు అంటించి ఉంటాయి, పక్షపాతం ఉందనుకోండి.

మోడరేటర్
మధ్యలో రెండు పోస్టులు తీసేశాను. ఏ హీరో ఫ్యాన్స్ ఎలాంటివాళ్ళో ఇక్కడ వద్దు. కామిక్స్ గురించి ఎంతైనా తిట్టుకోండి.

ఉక్కునగరం_మేస్టారు
శ్రీ అమ్మాయి చెప్పింది చదివాక నాకు చందమామ బేతాళ కథల బొమ్మ కళ్ళముందుకొచ్చింది. శంకర్ గారు వేసిన బొమ్మ. చేతిలో కత్తి, భుజాన శవం, శ్మశానంలో నడుస్తున్న విక్రమార్కుడు. చందమామ నిజానికి కామిక్ కాదు, బొమ్మలున్న కథల పత్రిక. కానీ రేపెవరైనా బేతాళ కథలు సినిమా తీస్తే మావాళ్ళంతా కొలిచేది సంస్కృత మూలంతో కాదు, ఆ బొమ్మతోనే.

తమాషా ఏమిటంటే, చందమామ వాళ్ళే మూలానికి కట్టుబడలేదు. పాతికో ఎంతో ఉన్న పాత కథలు అయిపోయాక, ఆ రాజూ ఆ శవమూ ఆ చివరి ప్రశ్నా అలాగే ఉంచి, లోపల కథలు కొత్తగా రాయించారు. ఏళ్ళ తరబడి. ఒక్క పాఠకుడు కూడా మోసపోయానని ఉత్తరం రాసి ఉండడు. చివర్లో "నీ తల పగిలిపోతుంది" అన్న మాట లేకపోతే మాత్రం రాసేవాడు!

బాపు గారు షూటింగ్‌కి ముందే షాట్లు బొమ్మలుగా వేసుకునేవారని విన్నాం కదా. అంటే మన దగ్గర ముందు బొమ్మ, తర్వాత సినిమా అన్న పద్ధతి ఒకే మనిషి చేతిలో నడిచింది. ఆయన సినిమాల్లో గడి కట్టిన తీరు కనిపిస్తుంది, కానీ మనిషి బిగుసుకుపోడు.

బీచ్‌రోడ్_బాబి
బేతాళుడి ప్రశ్న మీరే చెప్పారు మేస్టారూ. ఆ ప్రశ్న తీసేస్తే అది బేతాళ కథ కాదు. నాకు ఆక్టోపస్ అలాంటిది. లోపల ఏం మార్చినా భరిస్తాను. ఎక్స్-మెన్‌లో వుల్వరిన్ పుస్తకంలో అయిదడుగుల మూడంగుళాల పొట్టివాడు, తెర మీద ఆరడుగులు దాటినవాడు. నేనేమైనా అన్నానా? స్పైడర్ మ్యాన్‌కి దారం 2002 సినిమాలో మణికట్టులోంచే వచ్చింది, పుస్తకంలో తను చేసుకున్న యంత్రంలోంచి. దాన్ని కూడా వదిలేశాను, కుర్రాడి తెలివి తగ్గిందని కాస్త బాధ ఉన్నా. కానీ కథ మొత్తం ఏ మోసం మీద నిలబడిందో ఆ మోసాన్నే మార్చేస్తే, దాన్ని వేరే సినిమా అనండి.

మాంగా_మధురవాడ
సరే, వచ్చే నెల కలిసి ఏ సినిమా చూద్దామో తేల్చండి. నేను 'పెర్సెపోలిస్' అంటాను. మార్జాన్ సత్రపి తన పుస్తకాన్ని 2007లో తనే, ఇంకొకాయనతో కలిసి సినిమా తీసింది. అదే నలుపు తెలుపు గీత, చేత్తో గీసిన యానిమేషన్. ఇరాన్‌లో పెరిగిన అమ్మాయి కథ నిజం మనుషులతో తీస్తే అది ఎక్కడో దూరదేశం కథలా కనిపిస్తుందని, గీతలో అయితే ఎవరి ఇల్లైనా కావచ్చని ఆవిడ ఉద్దేశం. నా దగ్గర పుస్తకం ఉంది, ముందు ఎవరికి కావాలో చెప్పండి. అట్ట మడత పడితే మాత్రం ఊరుకోను.

అరకు_రైలు
నేను 'డ్రెడ్' (2012)కి ఓటు. కామిక్‌లో జడ్జ్ డ్రెడ్ ముఖం చూపించరు. 1995లో స్టాలోన్ కాసేపటికే హెల్మెట్ తీసేశాడు, స్టార్ కదా. 2012లో కార్ల్ అర్బన్ సినిమా మొత్తం హెల్మెట్‌లోనే ఉన్నాడు. గడ్డం, నోరు, గొంతు, అంతే. డబ్బులు పెద్దగా రాలేదు గానీ చదివినవాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు.

జగదాంబ_బాల్కనీ
హీరో మొహం చూపించని సినిమాకి హాల్లో కుర్చీలు మిగులుతాయా? మనవాళ్ళు ఫస్టాఫ్‌లోనే స్క్రీన్ చింపేస్తారు.

స్టోరీబోర్డ్_శ్రీ
రెండూ పెడదాం. ముందు 'పెర్సెపోలిస్', పుస్తకం చదివినవాళ్ళు చదవనివాళ్ళ పక్కన కూర్చోవాలి, గుసగుసలు లేకుండా. మధురవాడ చెల్లీ, పుస్తకం ముందు నాకివ్వు, అట్ట వేసి ఇస్తాను. జగదాంబ గారూ, మీరు వస్తున్నారా?

జగదాంబ_బాల్కనీ
తెలుగు డబ్బింగ్ ఉందా?

మాంగా_మధురవాడ
లేదు. మీ పక్కన కూర్చుని నేను చెప్తాను అన్నయ్యా.

జగదాంబ_బాల్కనీ
అయితే వస్తా. కానీ చెప్పేటప్పుడు సొంత కథ కలపకు.